తోడేసిన బండి

ఆ కారుని నాంచారయ్య మహాతల్లి అని పిలిచేవాడు. భక్తితో కాదు, ఒళ్ళు మండి. అవనిగడ్డ నుంచి బెజవాడ ఆసుపత్రులకి రోగుల్ని తీసుకెళ్ళి తీసుకురావటం అతని పని. అలాంటి పనికి ఇలాంటి కారు దొరకటం ఏ జన్మలో చేసుకున్న పాపమో గానీ, అది ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో, మళ్ళీ ఎప్పుడు కదులుతుందో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. ఎండాకాలం వేడెక్కి ఆగేది. వానాకాలం తడిసి ఆగేది. చలికాలం ఏ కారణమూ లేకుండా ఆగేది. హారన్ నొక్కితే వైపర్ కదిలేది. ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళకి కూడా తిప్పేవాడేమో, చల్లపల్లి సెంటర్లో ఓ పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగి, పంచె ఎగ్గట్టి దాన్ని తోసిన సంగతి అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

అసలు దివిసీమలో ఇనుము బతికి బట్టకట్టదు. సముద్రం పక్కనే ఉంది, ఉప్పుగాలి పగలూ రాత్రీ నాకుతూనే ఉంటుంది. గేటుకి రంగు వేసి కుంచె కడిగే లోపల తుప్పు మొదలవుతుంది. మహాతల్లి అడుగు రేకు ఎంత తిని పోయిందంటే, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి కాళ్ళ మధ్య నుంచి రోడ్డు కనిపించేది.

"అమ్మేసి వేరేది చూసుకోరాదా?" అనేది భార్య విశాలాక్షి.

"ఎవడు కొంటాడే? చూట్టానికి వచ్చినోడి ముందే ఆగిపోద్ది ఇది!"

ఇలా నవ్వుతూ తిడుతూ గడిచిపోయేదే. కానీ ఓ వేసవి మధ్యాహ్నం పెదప్రోలు నుంచి ఫోనొచ్చింది. బడిపంతులుగారికి గుండెల్లో నొప్పి. నాంచారయ్య ఎగిరి వెళ్ళాడు. పంతులుగారు తనే నడిచొచ్చి వెనక సీట్లో కూర్చుని, "ఏవయ్యా, తోయాలా?" అని వేళాకోళం కూడా ఆడారు. మహాతల్లి కదల్లేదు. వీధి వీధంతా వచ్చి తోసింది, అయినా కదల్లేదు. ఎవరో పరిగెత్తి ఆటోని తీసుకొచ్చేసరికి పంతులుగారు సీటుకి తల ఆనించి కళ్ళు మూసేశారు. ఇంట్లోవాళ్ళు నాంచారయ్యని పల్లెత్తు మాట అనలేదు. పైగా పంతులుగారి భార్య ఏడుస్తూనే అతనికి మంచినీళ్ళిచ్చింది. అదే అతన్ని చంపేసింది. ఇంటికొచ్చి మంచం ఎక్కినవాడు అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. కూతురు చైత్ర పళ్ళెం పట్టుకుని పక్కన కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

విశాలాక్షి అవనిగడ్డ డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేది. ఆమె ప్రయోగశాల అంటే ఓ వెనక గది, పాత ఫ్రిజ్, ఎలకలు కొరికిన బెంచీలు. ఆ గదిలో చాలా ఏళ్ళుగా ఓ పిచ్చి పెట్టుకుంది. నాగాయలంక అవతల మడ అడవి బురదలో పడవల లంగరు పడిపోతే, ఎన్నేళ్ళకి తీసినా నిగనిగలాడుతూ బయటికొస్తుందని, దానికున్న పగుళ్ళు కూడా పూడిపోతాయని జాలర్లు చెప్పేవాళ్ళు. అందరూ విని ఊరుకున్నారు. ఈవిడ మాత్రం సీసాల్లో బురద తెచ్చుకుని, అందులోని ఒక్కో సూక్ష్మజీవినీ విడదీసి పెంచుతూ కూర్చుంది.

మొగుడు మంచం పట్టిన ఆ రోజుల్లోనే ఒకటి పట్టుబడింది. రంపపు బ్లేడుని రెండుగా విరిచి, ముక్కలు ఆనించి, చుట్టూ తుప్పు పొడి చల్లి, దాని మీద ఆ జీవిని వేసి వెళ్ళింది. పొద్దున్నే వచ్చి చూస్తే తుప్పు లేదు, బ్లేడు ఒకటే ఉంది. నాంచారయ్యని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆ బ్లేడు చేతిలో పెట్టింది.

"విరువు."

అతను విరవబోయాడు. మోకాలికి ఆనించి బలం పెట్టాడు. బ్లేడు వేరే చోట విరిగింది గానీ అతుకు దగ్గర కాదు.

"ఏం రాశావ్ దీనికి?"

"ఏం రాయలేదు. బురదలో పురుగు. తుప్పు తింటుంది, ఆ ఇనుముని ఎక్కడ పగులుంటే అక్కడ కక్కుతుంది."

"కక్కటం ఏంటే అసయ్యంగా!" అన్నాడు నాంచారయ్య. అన్ని రోజుల్లో అతను నోరు విప్పి అన్న మొదటి మాట అదే. విశాలాక్షికి ఏడుపొచ్చింది.

ఇలాంటిదాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించాలని, నలుగురు పెద్దలకి చూపించాలని ఆమెకి తెలీదా? పిల్లలకి రోజూ చెప్పే పాఠమే అది. కానీ ఇంట్లో మనిషి అన్నం మానేస్తే ఎవరికి ఓపికుంటుంది? ఆ జీవిని గ్రీజులో కలిపి, డబ్బాలో పెట్టుకుని, మెయిన్ రోడ్డు మీద మస్తాన్ షెడ్డుకి తీసుకెళ్ళింది. మస్తాన్ మహాతల్లికి పుట్టింటి మనిషిలాంటివాడు. దాని పేగులన్నీ అతనికి కంఠతా వచ్చు.

అతను మూత తీసి వాసన చూసి, "అమ్మగారూ, ఇది గ్రీజా, గోంగూర పచ్చడా?" అన్నాడు. అన్నా, చెప్పినచోటల్లా పూశాడు. ఇంజన్లో, ఇరుసుల మీద, అడుగు రేకు కింద.

వారం తిరక్కుండా మహాతల్లి మారిపోయింది. తాళం తిప్పితే చాలు, పలికేది. కాళ్ళ మధ్య రోడ్డు కనిపించటం మానేసింది, కన్నాలు అంచుల నుంచి లోపలికి పూడుకుంటూ వచ్చాయి. నాంచారయ్య మళ్ళీ అన్నం తిన్నాడు. మళ్ళీ మీసం దువ్వుకున్నాడు. పెదప్రోలు పంతులుగారి ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం బండి దిగి, ఆ వాకిలి దాటేదాకా పక్కనే నడుస్తూ దాన్ని తోసుకెళ్ళేవాడు.

ఓ సాయంత్రం మస్తాన్ స్టీలు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "కాస్త తోడు పెట్టండి అమ్మగారూ. మా బావమరిది ఆటో ఉంది, రోజూ ఏడిపిస్తంది ఆడ్ని."

పాలల్లో మజ్జిగ చుక్క పడ్డట్టే ఇదీను. మామూలు గ్రీజులో ఓ చెంచాడు కలిపి, గుప్పెడు తుప్పు పొడి వేసి ఉంచితే తెల్లారేసరికి డబ్బా అంతా అదే అయిపోయేది. ఇంక తోడు అడిగితే లేదనే ఇల్లాలు ఆ సీమలో ఎక్కడుంది? ఇంట్లో తోడు లేదని చెప్పటమే ఓ సిగ్గు. విశాలాక్షి గిన్నె నిండా పెట్టి ఇచ్చింది. దానికి తోడు అనే పేరు అలాగే నిలిచిపోయింది.

మస్తాన్ పక్క షెడ్డుకి పెట్టాడు. ఆ షెడ్డువాడు చల్లపల్లిలో పెట్టాడు. సామాన్ల కోసం బెజవాడ ఆటోనగర్ వెళ్ళినప్పుడు మస్తానే గిన్నెలు గిన్నెలు పంచిపెట్టి వచ్చాడు. అక్కణ్ణుంచి అది ఎటు పోయిందో ఎవరు చెప్పగలరు! లారీలకి వేశారు, బస్సులకి వేశారు, అంబులెన్సులకి వేశారు. బండి కొనేవాడు ముందు అడిగే మాట "తోడేసిందేనా?" అని. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నెత్తి పట్టుకునే మనిషి కనపడటం మానేశాడు. "పేటెంటు తీసుకోవాల్సింది మేడమ్," అని ప్రిన్సిపాల్ నొచ్చుకుంటే విశాలాక్షి నవ్వేసింది. "తోడుకి కూడా పేటెంటేంటి సార్?" ఆమె మనసులో గర్వం లేదంటే అబద్ధం. రోడ్డు మీద బండి శబ్దం మెత్తగా వినిపిస్తే చాలు, తన బిడ్డ గొంతు విన్నట్టు తల తిప్పి చూసేది.

దసరా వచ్చింది. ఆయుధపూజకి బండి కడగనివాడు ఎవడుంటాడు? మామూలుగా అయితే పైపైన కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్ళు. ఈసారి మరమ్మతు పనుల్లేక మెకానిక్‌ల చేతులు దురద పెడుతున్నాయి. మస్తాన్ మహాతల్లిని జాకీల మీదకి ఎత్తి, మూలమూలలా తుప్పు గీకి, ఇనుము మెరిసేదాకా అరగదీసి, మీద ఎర్ర రంగు వేశాడు. ఊళ్ళో బండ్లన్నిటికీ అదే వైభోగం. నాంచారయ్య దండ వేసి, హారతిచ్చి, "ఇన్నాళ్ళకి నీకు నిజంగా పూజ చేస్తున్నా తల్లీ," అని దణ్ణం పెట్టాడు. తోడు తినే తిండి మొత్తం ఆ పూట గీకిపారేశామని ఒక్కళ్ళకి కూడా తట్టలేదు.

చైత్ర చల్లపల్లిలో ఇంటర్ చదువుతోంది. రోజూ నాన్న బండిలోనే వెళ్ళి రావటం. దసరా సెలవులయ్యాక ఆ పిల్ల బియ్యం డబ్బా దగ్గర దొరికింది, గుప్పెళ్ళతో పచ్చి బియ్యం నములుతూ.

"ఏం మాయరోగమే ఇది? అన్నం పెట్టడం లేదా నీకు?"

"ఏమో అమ్మా, తినాలనిపిస్తంది. ఆగలేకపోతన్నా."

తర్వాత మెట్లెక్కితే ఆయాసం. తర్వాత వసారాలో చెంబు పట్టుకునే పడిపోయింది. ఎత్తుకుని చూస్తే అరచేతులు సున్నంలా ఉన్నాయి. మాత్రలు వేశారు, తోటకూరలు, బెల్లాలు, కుంకుళ్ళలా ఎండిన ఖర్జూరాలు, ఎవరేం చెబితే అది పెట్టారు. బెజవాడ డాక్టరు పరీక్ష చూసి, "ఇంత తక్కువ రక్తంతో నడిచొచ్చిందా?" అన్నాడు. ఆ వెంటనే విసుగ్గా, "ఈ మధ్య అందరూ ఇలాగే వస్తున్నారమ్మా, కారణం మాకూ అంతుపట్టటం లేదు," అన్నాడు. రక్తం ఎక్కించారు. పెదాలు ఎర్రబడ్డాయి, పిల్ల ఐస్‌క్రీమ్ అడిగింది. మహాతల్లిలో కూతుర్ని కూర్చోబెట్టుకుని ఇంటికొస్తుంటే నాంచారయ్య దారంతా పాటలే. వారం గడిచేసరికి మళ్ళీ సున్నం.

ఆ ఉదయం నాంచారయ్య బండి తుడుస్తూ పెళ్ళాన్ని పిలిచాడు. "విశాలా, ఇది చూడు! నిన్న చైత్ర కూర్చునే వైపు తలుపుకి గేదె కొమ్ము తగిలి ఇంత చీలిక పడింది. పొద్దుటికల్లా పూడిపోయింది. ఏం మందు కనిపెట్టావే!"

విశాలాక్షి తలుపు మీద చెయ్యి పెట్టింది. నున్నగా ఉంది. వంగి అడుగున చూసింది. ఎక్కడా తుప్పు లేదు, ఎర్ర రంగే ఉంది. మరి పూడటానికి ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ ప్రశ్నతో పాటే జవాబు కూడా తట్టింది కాబోలు. చెప్పులు కూడా వేసుకోకుండా కాలేజీకి పరిగెత్తింది.

గాజు పళ్ళెంలో చీలిన బ్లేడు పెట్టింది. తోడు వేసింది. తన వేలు సూదితో పొడుచుకుని, పక్కనే రక్తం పిండింది. తలుపేసుకుని ఎదురుగా కూర్చుంది. సాయంత్రానికి రక్తం గంజి రంగుకి వచ్చింది, చీలిక సగం పూడింది. అప్పుడు తుప్పు పొడి తెచ్చి దోసెడు పోసింది. నీకు తిండి ఇదిగో, ఇది తిను, అని పైకే బతిమాలింది. అది తుప్పుని ముట్టలేదు. రక్తం రుచి మరిగింది. మిగిలిన ఆ గంజి నీళ్ళ కోసమే తడుముకుంటోంది.

సూక్ష్మదర్శినిని ఇంటికి తెచ్చుకుని, నిద్రపోతున్న చైత్ర వేలి నుంచి చుక్క తీసి దాని కింద చూసింది. అక్కడా ఉంది. ఊపిరితో లోపలికి పోయి కాపురం పెట్టింది.

నాంచారయ్య అంతా విని, తన అరచేతులు చూసుకున్నాడు. అవీ తెల్లగానే ఉన్నాయి, ఇన్నాళ్ళూ వయసనుకున్నాడు.

"బండి కడిగేద్దాం. కిరోసిన్ పోసి కడిగేద్దాం."

"బండిలోంచి తీస్తావు. దీనిలోంచి ఎట్టా తీస్తావు?" అని కూతురి వైపు చూపించింది. "వంట్లో ఉంటే మెల్లగా తింటది. బండిలో కూర్చుంటే మాత్రం బండిది, వంట్లోది రెండూ కలిసి గబగబా లాగేస్తాయి."

"మందు?"

"ఇంకా ఎవరికీ తెలీని రోగానికి మందెక్కడుంటది? దీన్ని చంపేది నిప్పొక్కటే."

నాంచారయ్య లేచి వెళ్ళి, మహాతల్లిని మడ అడవి దాకా నడిపించుకుపోయి, బురదలోకి తోసేసి, నడిచి ఇంటికొచ్చాడు. ఒక బండి పోయింది. మిగిలినవన్నీ తిరుగుతూనే ఉన్నాయి. విశాలాక్షి కనిపించిన ప్రతి ఆఫీసు గడపా ఎక్కింది. ఒకాయన సానుభూతిగానే విన్నాడు. "అంబులెన్సులు టైముకి వెళ్తున్నాయి, బ్రేకులు ఫెయిలై చచ్చేవాళ్ళు లేరు. రక్తం తక్కువైతే మాత్రలు పంచుతాం. రాష్ట్రంలో బండ్లన్నీ ఆపెయ్యమంటే ఎవరు ఆపుతారమ్మా?" అన్నాడు. అలా అంటూ జేబులోంచి పచ్చి బియ్యం తీసి నోట్లో వేసుకున్నాడు.

మస్తాన్ విని, చాప మీద నుంచి లేవలేక, "పంచింది నేనమ్మగారూ," అని మొహం కప్పుకున్నాడు. రాత్రింబవళ్ళు ఆ గ్రీజులో చేతులు పెట్టినవాడు. అతని ఒంట్లో మిగిలిందే తక్కువ.

"అడిగితే పెట్టింది నేను మస్తాన్," అంది విశాలాక్షి.

చైత్రకి మళ్ళీ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. బెజవాడ డాక్టరు మంచివాడు, రక్తం పట్టి ఉంచాడు. సంచుల్లో పోసి పంపమంటే, దారిలోనే తెల్లబడిపోతోందని, పిల్లనే తీసుకురమ్మన్నాడు. సరే, ఎందులో తీసుకెళ్ళటం? అవనిగడ్డకి రైలు లేదు. బస్సులో తోడు, ఆటోలో తోడు. నాంచారయ్య ఊరూరా వెతికితే నాగాయలంకలో ఓ ముసలావిడ పెరట్లో తోడు ముఖం చూడని కారు దొరికింది. పైన టార్పాలిన్, లోపల కోళ్ళు పొదిగిన గుడ్ల పెంకులు. ఒళ్ళంతా ఎర్రగా తుప్పు. దాన్ని చూసి నాంచారయ్య దేవుణ్ణి చూసినట్టు చేతులు జోడించాడు.

మస్తాన్ చాప మీద పడుకునే చెబుతుంటే నాంచారయ్య బాగుచేశాడు. "ప్లగ్గులు గీకండి. ఆ వైరు తీగతో కట్టండి. రేడియేటర్‌కి సబ్బు ముక్క పెట్టండి. అంతే, అంతే." చివరికి అది దగ్గి, ఉమ్మి, కదిలింది. "దారిలో ఆగినా ఆగుద్దయ్యా," అన్నాడు మస్తాన్, "కానీ తినదు."

పొద్దున్నే బయల్దేరారు. చైత్ర తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కారు గతుకు గతుకునా మూలిగింది. మోపిదేవిలో ఆగింది, కొట్టి లేపాడు. పామర్రులో ఆగింది, నీళ్ళు పోసి లేపాడు. ఉయ్యూరు దాటింది. "ఇంకెంత, వచ్చేసినట్టే," అని నాంచారయ్య స్టీరింగ్ మీద ముద్దు పెట్టాడు. కంకిపాడు పొలిమేరలో అడుగున ఫెళ్ళుమంది. దిగి చూస్తే ఇరుసు రెండు ముక్కలై ఉంది. తుప్పు తిన్న ఇరుసు. దానికి తీగలు కట్టినా, దేవుళ్ళకి మొక్కినా లాభం లేదు.

నాంచారయ్య రోడ్డు మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఓ బండి ఆగిపోయి కనపడితే జనం ఊరుకుంటారా? మనుషులు మంచివాళ్ళు. వెళ్ళే ప్రతి కారూ ఆగింది. "ఎక్కండమ్మా, దింపుతాం." విశాలాక్షి వద్దంది. ఇంకొకరు ఆగారు, వద్దంది. ఓ అంబులెన్సే ఆగింది, దానికీ వద్దంది. డ్రైవరు పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. సైకిలు రిక్షా ఏదన్నా దొరుకుతుందేమోనని నాంచారయ్య ఊళ్ళోకి పరిగెత్తి, మధ్యలోనే ఆయాసంతో కూర్చుండిపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఎండ నెత్తి మీదకొచ్చింది. చైత్ర ఊపిరి చేపపిల్ల ఊపిరిలా పైపైన ఎగురుతోంది.

ఓ తెల్ల కారు వచ్చి ఆగింది. నడిపే కుర్రాడికి పాతికేళ్ళుంటాయి, పెదాలు కాగితంలా ఉన్నాయి. "పాపకి బాలేదా అక్కా? ఎక్కండి, చిటికెలో దింపేస్తా."

విశాలాక్షి కూతుర్ని ఎత్తుకోబోయింది.

"వద్దే," అన్నాడు నాంచారయ్య. "నువ్వే కదే చెప్పింది!"

"ఎక్కితే పోద్దేమో. ఇక్కడుంటే పోద్ది."

ఇద్దరూ కలిసి పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టారు. విశాలాక్షి కూతుర్ని పూర్తిగా తన ఒళ్ళోకి లాక్కుంది, తలుపు గానీ నేల గానీ ఎక్కడా తగలనివ్వలేదు. చెప్పులు విడిచి, వట్టి కాళ్ళు సీటు కింద ఇనప చట్రానికి ఆనించింది. వట్టి చేత్తో తలుపు పిడి బిగించి పట్టుకుంది. నేను పెంచానే నిన్ను, సీసాలో ఉన్నప్పుడు వేళకి తిండి పెట్టానే. నన్ను తిను. దీన్ని వదిలెయ్. పెదాలు కదుపుతూ ఆ మాటలే అనుకుంటూ కూర్చుంది. ఊపిరి నుంచి ఊపిరికి పోయేదానికి చేతులు అడ్డం పెడితే ఆగదని ఆమెకి తెలుసు. తెలిసీ పిడి వదల్లేదు.

కారు నీళ్ళ మీద పడవలా సాగింది. గతుకు తెలీలేదు, శబ్దం లేదు.

"అమ్మా," అంది చైత్ర, కళ్ళు తెరవకుండానే. "ఈ బండి ఎంత మెత్తగా పోతందో. నిద్రొస్తంది."

"నిద్రపోమాకమ్మా. నాతో మాట్లాడు. ఏదో ఒకటి చెప్పు తల్లీ."

"ఊ," అంది చైత్ర.

ముందు సీట్లో నాంచారయ్య వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. బెంజి సర్కిల్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆసుపత్రి గేటు ముందు కుర్రాడు బండి ఆపి, దిగొచ్చి తలుపు తెరిచాడు. నాంచారయ్య జేబులో చెయ్యి పెడితే రెండు చేతులూ అడ్డం ఊపాడు.

"డబ్బులెందుకు బాబాయ్! తోడేసిన బండి ఇది. చూశారుగా అక్కా, చిటికెలో తెచ్చానా లేదా?"

"తెచ్చావు నాయనా," అంది విశాలాక్షి. చల్లబడిపోయిన కూతురి పాదాలు తన అరచేతుల్లోకి తీసుకుని రుద్దుతూనే ఉంది. నాంచారయ్య వచ్చి భుజం పట్టుకుని, దిగవే, దిగు, అంటున్నా, ఆమె రుద్దటం మానలేదు.